హతసాక్షికి వన్స్ మోర్

చేతులు కట్టి చంపడానికి తీసుకెళ్ళిన అమ్మాయి, పక్క తలుపులోంచి మళ్ళీ లోపలికి వచ్చి నిలబడింది. నాకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడే.

రిహార్సలు జరుగుతున్నది మా బడి సంగీతం గదిలో. కాలవ గట్టు మీద వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు ఆపి కిటికీలు నింపేశారు. అమ్మాయి తన చివరి పాట పాడి, తల ఎత్తుకుని, ఇద్దరు సైనికుల మధ్య నడిచి తలుపు దాటింది. నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతలో ఒక కిటికీలోంచి ఎవరో "వన్స్ మోర్" అన్నారు. రెండో కిటికీ అందుకుంది. మా హార్మోనిస్టు గారి వేళ్ళు, ఆయన్ని అడక్కుండానే, పాట మొదటికి వెళ్ళిపోయాయి. అంతే, తాడు కట్టిన చేతులతోనే అమ్మాయి తిరిగి వచ్చింది. వెనకాల మీసాలు పెట్టుకున్న సైనికులిద్దరూ, వాళ్ళూ మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలే, ఏం చేయాలో తోచక ఆమెకి చెరో పక్కన నిలబడ్డారు.

ముందు బెంచీలో గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సంఘపెద్ద గారు లేచారు. చర్చిలోనే కాదు, మా బడి యాజమాన్యంలో కూడా ఆయన మాటే చివరి మాట.

"చావుకెళ్ళిన మనిషి జనం పిలిస్తే ఎనక్కొచ్చేస్తే, ఆవిడ హతసాక్షి ఎలా అవుద్దమ్మా?" అన్నారు.

కోపంగా కూడా కాదు. తెలియక అడిగినట్టే అడిగారు.

నేను ఆ ఉద్యోగం వదిలి, మావారి బదిలీతో ఊరు మారి కొంతకాలమైంది. ఈమధ్య నా స్థానంలో చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. మళ్ళీ ఆ నాటకం వేయమంటున్నారట, భయంగా ఉందట, ఏం చేయమంటారని అడిగింది. ఫోనులో తేలే సంగతి కాదు. పిల్లలిద్దరూ నిద్రపోయారు, ఇల్లు సద్దుమణిగింది. ఆమె కోసమూ, ఆమెలా కొత్తగా పిల్లల ముందు నిలబడబోయేవాళ్ళ కోసమూ రాస్తున్నాను.

రాజోలు దగ్గర మిషను వాళ్ళ ఆడపిల్లల హైస్కూలు మాది. పూర్వం అక్కడ ఉండి వెళ్ళిన ఒక దొరసాని గారు, సంగీతం గది బీరువాలో ఒక ఒరటోరియో వదిలి వెళ్ళారు. ఒరటోరియో అంటే భక్తి కథని నటన లేకుండా, వేషాలు లేకుండా, నిలబడి మొదటి నుంచి చివరి దాకా పాడే పెద్ద సంగీత రచన. ఇది యూరపులో బరోక్ అనే కాలం నాటిది, సుమారు మూడు వందల ఏళ్ళ కిందటిది. రోమా పాలన రోజుల్లో ఒక క్రైస్తవ యువతిని చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వేయమంటారు. చిటికెడు చాలంటారు. ఆమె వేయనంటుంది. ప్రాణం తీస్తామంటారు. అయినా వేయదు. అలా విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ళనే మేం హతసాక్షులంటాం. కథ అంతే. కానీ ఆ చిటికెడు సాంబ్రాణి చుట్టూ రెండు గంటల సంగీతం ఉంది. దొరసాని గారు దాన్ని మన పిల్లలు పాడగలిగేలా సులువు చేసి, డో రే మీ అనే సోల్ఫా అక్షరాల్లో రాసి పెట్టారు. మాటలు నేను తెలుగు చేశాను.

ఒక ఏడాది ఈస్టరుకి ముందు వచ్చే శ్రమకాలాల్లో చర్చిలో దాన్ని పద్ధతి ప్రకారమే పాడించాను. ముప్పై మంది పిల్లలు తెల్ల వోణీల్లో కదలకుండా నిలబడి పాడారు. విన్నవాళ్ళలో సగం మంది నిద్రపోయారు. మా హెడ్మిస్ట్రెస్ గారే రెండో వరసలో కునుకు తీయడం నేను చూశాను. ఆ మర్నాడు ఆవిడ నన్ను పిలిచి, బడి వార్షికోత్సవానికి దీన్నే నాటకంగా వేయించమన్నారు.

"సంగీతం బానే ఉందమ్మా. చూడ్డానికేదీ లేకపోతే నాలాంటిదానికి కష్టం" అన్నారు.

అప్పటికి ప్రతి బడిలోనూ కంప్యూటర్ల మాట మొదలైంది. మా సంగీతం గదిలో గాలీ వెలుతురూ బాగుంటాయని, దాన్ని కంప్యూటర్లకి ఇచ్చేసి సంగీతం పీరియడు తీసేద్దామని యాజమాన్యంలో అనుకుంటున్నారు. నాది పర్మినెంటు ఉద్యోగం కాదు. పీరియడు పోతే నేనూ పోతాను. నా సంగతి పక్కన పెట్టినా, హాస్టలు పిల్లలకి రోజంతటిలో వాళ్ళది అనిపించే గంట అదొక్కటే. అందుకని ఒప్పుకున్నాను.

సంఘపెద్ద గారు మొదటి నుంచీ వద్దన్నారు. మా తాతల కాలంలో మనవాళ్ళు నాటకాలూ వేషాలూ వదులుకుని చర్చిలో కూర్చోవడం నేర్చుకున్నారు, ఇప్పుడు చర్చినే నాటకంలోకి తోలుతున్నావా అన్నది ఆయన బాధ. హెడ్మిస్ట్రెస్ గారు బతిమాలితే, రిహార్సలు చూసి చెబుతానన్నారు. ఆ చూడ్డానికి వచ్చిన రోజే పైన రాసినది జరిగింది.

హార్మోనిస్టు గారి గురించి చెప్పాలి. బడిలో ఉన్న కాళ్ళతో తొక్కే ఆర్గన్‌ని చెదలు తినేస్తే, కొత్తపేట వైపు నుంచి ఆయన్ని పిలిపించాం. పద్యనాటకాలకి వాయించీ వాయించీ తలపండిన మనిషి. జరీ అంచు కండువా లేకుండా హార్మోనియం ముట్టరు. పౌరాణిక నాటకాల్లో రాజుగారు చచ్చి పడిపోయాక జనం వన్స్ మోర్ అంటే, లేచి పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చి పడిపోవడం మా ప్రాంతంలో అందరికీ తెలిసిందే. ఆ లేచే రాజులకి శ్రుతి ఇచ్చింది ఈయనే. మొదటి రోజు ఈ సంగీతం విని ఆయనకి ఒక పెద్ద అనుమానం వచ్చింది. ఆ కాలపు పాటల్లో ఒక పద్ధతి ఉంది. మొదటి భాగం పాడి, మధ్యలో వేరే భాగం పాడి, మళ్ళీ మొదటి భాగానికి వచ్చి ఈసారి స్వరాలు కొత్తగా తిప్పుతూ సంగతులు వేసి పాడాలి.

"అదేంటండీ, వన్స్ మోరు పాటలోనే రాసేసుకున్నారేంటి? జనం అడుగుతారో లేదోనని అనుమానమాండీ దొరలకి?" అన్నారు.

మొదట్లో తబలా కావాలని పేచీ పెట్టారు. వద్దన్నాను. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తరవాత తనే వచ్చి, తబలా లేకపోతేనే పిల్ల గొంతు తిన్నగా గుండెలోకి పోతోందండీ అని ఒప్పుకున్నారు. చక్రవర్తి బొమ్మ సంగతి మాత్రం మొదటే గట్టిగా అడిగారు. మా బడిలో సగం మంది రైతుల పిల్లలు, హిందువులు. వాళ్ళ తల్లిదండ్రులంతా చూడ్డానికి వస్తారు.

"ఏ దేవుడికండీ ఆవిడ సాంబ్రాణి వెయ్యనంటంది?"

"దేవుడికి కాదండీ, రాజుకి. తనే దేవుణ్ణని చెప్పుకునే రాజుకి."

"ఆయ్. అయితే మావోళ్ళకి బాగా ఎక్కుద్దండి. అలాంటోళ్ళని మేమూ శానామందిని చూసేం" అన్నారు.

డ్రాయింగు మాస్టారు మట్టితో చక్రవర్తి తలకాయ చేసిచ్చారు. ఆరాక చూస్తే దానికి అచ్చం సంఘపెద్ద గారి ముక్కూ కనుబొమలూ వచ్చాయి. అందరం చూశాం, ఎవరమూ పైకి అనలేదు. నేను మాత్రం దానికి గడ్డం అతికించమన్నాను.

హతసాక్షి వేషం వేసింది అల్లవరం పిల్ల. పదో తరగతి. తండ్రి రొయ్యల చెరువుల దగ్గర కాపలా. హాస్టల్లో బట్టలుతుకుతూ పాడుకుంటుంటే పట్టుకున్నాను ఆ గొంతుని. ఎవరు ఏం చెప్పినా సరేననే పిల్ల. చేతులకి తాడు గట్టిగా కట్టేశారా అంటే అవునంటుంది, వదులుగా ఉందా అన్నా అవునంటుంది. కిటికీల్లోంచి పిలిస్తే వచ్చేసిందంటే అందుకే వచ్చింది.

ఆ రోజు సంఘపెద్ద గారు వెళుతూ వెళుతూ తీర్పు చెప్పారు. వార్షికోత్సవానికి వేసుకోండి. కానీ వన్స్ మోర్ అని ఆ పిల్ల వెనక్కి వచ్చిందంటే, తనే లేచి తెర దించేస్తారు. మర్నాటి నుంచి ఆ గదిలో కంప్యూటర్లుంటాయి.

అక్కడి నుంచి నాకు నిద్ర లేదు. పిల్లని కూర్చోబెట్టి చెప్పాను, ఏం జరిగినా రాకూడదని. ఎవరు పిలిచినా. అది, "మరి ఆళ్ళు బాధపడరా టీచర్?" అంది. బాధపడనీ అన్నాను. హార్మోనిస్టు గారిని బతిమాలాను, జనం అరిచినా వాయించొద్దని.

"నేను వాయించనండి. ఈ చేతులకి కూడా ఓ మాట చెప్పి చూడండి" అన్నారు వేళ్ళు చూపిస్తూ.

ఇంట్లో కూడా అదే గోల. మా అమ్మాయికి అప్పుడు అయిదేళ్ళు, బాబుకి రెండు. వాళ్ళని చూసుకునేవాళ్ళు లేక రిహార్సళ్ళకి తీసుకెళితే, అక్కడ ఆ మాట నేర్చుకొచ్చారు. జోలపాట పాడితే వన్స్ మోర్. గోరుముద్ద పెడితే వన్స్ మోర్. ఒక రోజు పిల్ల మీద గట్టిగా అరిచాను, ఆ మాట ఈ ఇంట్లో వినపడకూడదని. అది బిక్కచచ్చిపోయింది. మా అత్తగారు వంటింట్లోంచి, "ఆ అరుపేదో ఊళ్ళోవాళ్ళ మీద అరవకూడదా అమ్మా? పసిదేం చేసింది?" అన్నారు. ఊళ్ళోవాళ్ళ మీద అరిచే దారి ఉంటే అరిచేదాన్నే.

వార్షికోత్సవం రోజు బాబుకి ఒళ్ళు వెచ్చబడింది. మానేద్దామనుకున్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. "నీకు కచేరీలు, నాకు కషాయాలు. ఎవరి పని వాళ్ళు చేద్దాం, నువ్వెళ్ళు" అని, నేను వెళ్ళిన కాసేపటికి ఇద్దరు పిల్లల్నీ వేసుకుని తనూ రిక్షాలో దిగారు. బాబు ఆవిడ భుజాన, పిల్ల ఆవిడ కొంగు పట్టుకుని. స్టేజీ పక్కనుంచి వాళ్ళ తలలు కనిపిస్తుంటే నాకు ధైర్యం రావాల్సింది పోయి, మా పిల్లే ముందు ఆ మాట అరుస్తుందేమోనని ఇంకో భయం పుట్టింది.

బడి మైదానం నిండిపోయింది. కుర్చీలు చాలక తాటాకు చాపలు వేశారు. గోదావరి లంకల్లోంచి కూడా జనం వచ్చారు, హార్మోనిస్టు గారి పేరు విని వచ్చినవాళ్ళే ఎక్కువ. తెరలు నాటకాల వాళ్ళ దగ్గర అద్దెకి తెచ్చినవి, కాబట్టి రోమా రాజభవనానికి నెమళ్ళూ ఏనుగు తొండాలూ ఉన్నాయి. గవర్నరు వేషం పిల్ల, పౌరాణికాల రాజు కిరీటం పెట్టుకుంటే గానీ పాడనంది. పెట్టుకోమన్నాం. హతసాక్షికి మాత్రం బండారులంక నుంచి తెల్ల నేతచీర తెప్పించాను. ఆ తళుకుల మధ్య అదొక్కటే తెలుపు.

మొదలెట్టే ముందు సంఘపెద్ద గారు మైకు తీసుకున్నారు. ఎవరూ వన్స్ మోర్ అనరాదని విజ్ఞప్తి చేశారు. వద్దని హార్మోనిస్టు గారు ముందే మొత్తుకున్నారు, చెబితే తప్పకుండా అంటారని. చాపల మీంచి నవ్వులు వచ్చాయి. వెనకనుంచి ఎవరో, "అంత బాగుంటదాండీ?" అన్నారు.

బాగుంది. నేను చెప్పుకోకూడదు గాని, చాలా బాగుంది. చర్చిలో నిద్రపోయినవాళ్ళు ఇక్కడ ముందుకి వంగి కూర్చున్నారు. గవర్నరు బెదిరిస్తుంటే ఒక ముసలావిడ, "చిన్నపిల్ల మీదా నీ ప్రతాపం?" అని గట్టిగానే తిట్టింది. సాంబ్రాణి పళ్ళెం ముందు అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడు చాపల మీద ఎవరూ కదల్లేదు. గడ్డం పెట్టిన చక్రవర్తి తలకాయని సంఘపెద్ద గారు ఒకటికి రెండు సార్లు పరీక్షగా చూశారు. అదృష్టం, ఏమీ అనలేదు.

చివరి పాట వచ్చింది. తలుపు తెరవండి, నేను వెళ్ళేది చీకట్లోకి కాదు అని మొదలవుతుంది. మొదటిసారి తిన్నగా పాడింది. మధ్య భాగంలో తల్లినీ ఊరినీ తలుచుకుంది. మళ్ళీ మొదటికి వచ్చినప్పుడు ఆ ఒక్క తలుపు అన్న మాట మీద అది వేసిన సంగతులు నేను నేర్పినవి కావు. హార్మోనిస్టు గారు తలెత్తి చూశారు. పాట అయింది. తెల్లచీర సైనికుల మధ్య నడిచి, నెమళ్ళ తెర వెనక్కి వెళ్ళిపోయింది.

ఒక్క ఊపిరి పీల్చుకున్నాను.

"వన్స్ మోర్!"

స్టేజీకి ఎడమ వైపు చాపల మీద ఒక మనిషి లేచి నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా. అల్లవరం నుంచి వచ్చిన మా హతసాక్షి తండ్రి. మైకులో విజ్ఞప్తి జరిగేటప్పటికి అతను ఇంకా చేరుకోలేదని తరవాత తెలిసింది. "వన్స్ మోర్ అమ్మా! ఓసారి రా అమ్మా!" అన్నాడు. అతను పాటని మెచ్చుకుంటున్నాడో, కూతుర్ని చావు దగ్గర్నుంచి వెనక్కి పిలుచుకుంటున్నాడో నాకు తెలియలేదు. అతనికీ తెలుసని అనుకోను. ఆ గొంతు విన్నాక ఇంక ఎవరు ఆగుతారు? చాపలన్నీ అందుకున్నాయి. మైదానం మొత్తం ఒకటే అరుపు.

మూడు సంగతులు ఒకేసారి చూశాను. తెర సందులోంచి అమ్మాయి ముఖం. ఏడుస్తోంది, ఒక కాలు ముందుకి వేసింది, నా వైపే చూస్తోంది. సంఘపెద్ద గారు గొడుగు కుర్చీలో పెట్టి, తెర తాడు వైపు నడుస్తున్నారు. హార్మోనిస్టు గారు కళ్ళు మూసుకుని ఉన్నారు, ఆయన వేళ్ళు మాత్రం పాట మొదటికి వెళ్ళిపోయాయి.

అమ్మాయికి చేత్తో ఆగమని సైగ చేశాను. ఆగింది. కన్నతండ్రి పిలుస్తుంటే ఆగింది. కానీ హార్మోనియం మీద పాట మొదలైపోయింది, స్టేజీ మీద మనిషి లేదు. ఇంకో క్షణంలో జనం ఈలలు మొదలుపెడతారు. శ్రుతి వచ్చి గాయని కోసం ఎదురు చూస్తోంది. నా ఎదురుగా, స్టేజీ కింద, క్రైస్తవుల గుంపు వేషంలో ముప్పై మంది పిల్లలు బిక్కుబిక్కుమంటూ నన్నే చూస్తున్నారు. వాళ్ళ పాటలన్నీ అయిపోయాయి. ఈ పాట వాళ్ళది కాదు. అయితే నెలల తరబడి హాస్టలు పంపుల దగ్గర, అన్నాల బల్లల దగ్గర, ఆ పిల్ల పాడుకుంటుంటే విన్నది వాళ్ళే.

ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. రెండు చేతులూ ఎత్తి వాళ్ళని పాట ఎత్తుకోమన్నాను.

ముందు వరసలో ఇద్దరు అందుకున్నారు. గొంతులు వణికాయి. తలుపు అన్న మాటకి పదిమంది అయ్యారు. చీకట్లోకి కాదు అనేసరికి ముప్పై మందీ ఉన్నారు. సంగతులు లేవు, మెరుపులు లేవు. తిన్నగా, వెళ్ళిపోయిన మనిషి పాటని మిగిలినవాళ్ళు పాడుకున్నట్టు పాడారు. స్టేజీ ఖాళీ. సాంబ్రాణి పొగ మాత్రం ఉంది. మైదానంలో అరుపులు వెనకనుంచి ముందుకి ఒక్కొక్క వరసా ఆగిపోవడం నాకు వీపుతో తెలిసింది.

అల్లవరం మనిషి నిలబడే ఉన్నాడు. కూర్చోలేదు, మళ్ళీ పిలవలేదు. పాట వస్తుంటే తలమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. సంఘపెద్ద గారి చేతిలో తాడు ఉంది. ఆయన దాన్ని వదలలేదు, లాగనూ లేదు.

పాట అయిపోయింది. చప్పట్లు మొదట ఆ తిట్టిన ముసలావిడ కొట్టింది. తరవాత మైదానం అంతా లేచింది. ఎవరూ వన్స్ మోర్ అనలేదు.

అప్పుడు అమ్మాయిని స్టేజీ మీదికి కాదు, వెనక మెట్ల మీంచి తండ్రి దగ్గరికి పంపాను. అతను కూతురి చేతికున్న తాడు విప్పుతూ, "నేను పిలిత్తే రాలేదేంటే?" అన్నాడు. అది, "టీచరు గారు చంపేత్తారు నాన్నా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పక్కకి వెళ్ళి ఏడ్చాను.

హార్మోనిస్టు గారు కండువాతో ముఖం తుడుచుకుంటూ వచ్చారు. తప్పయిపోయిందంటారేమో అనుకున్నాను. "ఎన్ని వన్స్ మోర్లు వాయించేనో లెక్క లేదండి. మనిషి రాకుండా పాటొక్కటే రావడం ఇదే చూడ్డం" అన్నారు. తప్పు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సంఘపెద్ద గారు గొడుగు వెతుక్కుని నా దగ్గరికి వచ్చారు. "ఆ పిల్ల రాలేదు" అన్నారు. రాలేదండీ అన్నాను. "ఊఁ. కంప్యూటర్లు వరండా కొస గదిలో పెట్టుకోవచ్చులే అమ్మా. కాస్త ఎండ పడుద్ది, పరదా కడితే సరిపోద్ది" అని రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగారు. "ఆ తలకాయకి గడ్డం ఎవరు పెట్టమన్నారు? లేకపోతేనే బాగుండేది."

కొత్త టీచరుగారూ, మీకు నేను ఇవ్వగలిగిన సలహా పెద్దగా లేదు. జనాన్ని ఆపాలని చూడకండి, మా వాళ్ళు ఆగరు. వాళ్ళు అడిగినప్పుడు ఏది ఇవ్వకూడదో అది ఇవ్వకండి, ఏది ఇవ్వొచ్చో ఆలోచించుకుని ఉండండి. గుంపుకి ప్రతి పాటా నేర్పండి, వాళ్ళది కాని పాట కూడా.

నాటకం అయిన మర్నాడు పొద్దున్న బాబు జ్వరం తగ్గి, వీధి గుమ్మంలో మరమరాలు చల్లుకుంటున్నాడు. నేను ఇంకా మంచం మీదే ఉన్నాను. పంపు దగ్గర మా అమ్మాయి నోట్లో బ్రష్షు పెట్టుకుని ఏదో పాడుతోంది. నాటకం సగంలోనే అత్తగారి ఒళ్ళో నిద్రపోయిందనుకున్నాను. నిద్రపోలేదు. తలుపు తెరవండి పాట. మాటలు సగం లేవు, మిగతా సగం నురగలో ఉన్నాయి. రాగం మాత్రం తిన్నగా ఉంది. వాడు కూడా మరమరాలు మాని అక్క వైపు చూస్తున్నాడు.

నేను లేచి గుమ్మంలోకి వెళ్ళాను. పిల్ల నన్ను చూసి ఆపేసింది, మళ్ళీ అరుస్తానని కాబోలు. ఇద్దరూ నా ముఖం కేసే చూస్తున్నారు.

"వన్స్ మోర్" అన్నాను.